ఈశాన్యంలో విమానాలు

ఆ రోజుల్లో కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని, జడను ఓణీ కింద దోపుకుని (వెంట్రుక రాలి యంత్రంలో పడుతుందని మా సారు భయం), తెర పక్కకు జరిపి మెల్లగా అడుగుపెట్టాలి. ఇప్పుడు పప్పన్నం తింటూ ఎడమచేత్తో నొక్కుతున్న ఈ యంత్రానికి అప్పట్లో జరిగిన మర్యాదలు తలచుకుంటే నవ్వొస్తుంది. ఎనభైల చివరి సంగతి ఇది. హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఒక బట్టల దుకాణం పైన, మేడ మీద మా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. యంత్రానికి నుదుటన కుంకుమబొట్టు, పైన నిమ్మకాయా మిరపకాయలూ, పక్కన ఏసీ. ఎండాకాలంలో మా దగ్గర చేరినవాళ్లలో సగం మంది ఏసీ కోసమే చేరారని నా గట్టి నమ్మకం. వాళ్లను నేనేమీ అననుగానీ, మిగతావాళ్ల మీద మాత్రం ఇన్నేళ్ల తర్వాత కూడా నా కోపం చల్లారలేదు. అందుకే ఈ కథ రాస్తున్నాను.

నన్ను అక్కడ అందరూ ‘సప్పుడు లేని పిల్ల’ అనేవాళ్లు. డిగ్రీ అయిపోయింది. గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలలు తలగడ కింద పెట్టుకుని చదవడం, బయట ఎవరితోనూ అనలేని మాటలన్నీ డైరీలో రాసుకోవడం నా పనులు. (నా డైరీలో నేను మహా గయ్యాళిని. ఎవరైనా చదివి ఉంటే మా వీధిలో సగం మంది మాతో మాటలు మానేసేవారు.) బాపుకు వరంగల్ బజారులో బెల్లం దుకాణం. కంప్యూటర్ నేర్చుకుంటానని అమ్మచేత అడిగిస్తే ఆయన ఒక షరతు పెట్టాడు. ‘‘దసరా దాక పోనియ్యి. కొలువు దొరికిందా, మంచిదే. దొరకలేదా, ఇంట్ల కూసోని తీరుపాటంగ నవలలు సదువుకోమను.’’ ఆ చివరి మాట వెక్కిరింపు. తలగడ కింద ఏముందో ఆయనకు తెలుసన్నమాట.

నా అదృష్టంకొద్దీ మా సారు దసరాకు ముందే కొత్త గది ప్రారంభం చేసి, ఆడపిల్లలకు వేరే క్లాసు పెట్టాలనుకున్నారు. దానికి ఒక మేడం కావాలి. ఆ మేడం నేనే కావాలని ఎన్ని దేవుళ్లకు మొక్కుకున్నానో! సారు మాత్రం, ‘‘ఓపెనింగ్ మంచిగ కానియ్యి బిడ్డా, అప్పుడు జూద్దాం’’ అని ఊరించేవారు. ఆ ఓపెనింగ్ మంచిగా కావడం మాత్రం నా చేతిలో కాదు, సారు మేనల్లుడి చేతిలో ఉంది.

మేనల్లుడు గారు ఇంజనీరింగ్ చదువుతున్నారు. కంప్యూటర్‌లో విమానం నడిపే ప్రోగ్రామ్ ఒకటి రాశారు. నల్లటి తెర మీద ఆకుపచ్చ గీతలు, వాటి మధ్య అగ్గిపుల్లంత విమానం. మీటలు నొక్కితే పైకి లేస్తుంది, వంగుతుంది, దిగుతుంది. నిజం చెప్పొద్దూ, బాగానే ఉండేది. చిక్కల్లా దిగిన తర్వాతే. రన్‌వే చివరన విమానం నిలబడి దిక్కులు చూసేది. ఈలోగా కంప్యూటర్ తనంతట తాను దింపే రెండో విమానం వచ్చి మొదటిదాని నెత్తినెక్కి కూర్చునేది. మూడోది ఆ రెండింటి మీద. ప్రారంభానికి ముఖ్య అతిథిగా పట్నం నుంచి వస్తున్న పెద్దాయన విమానాశ్రయంలో చాలాకాలం పనిచేసి రిటైరైన మనిషి. ఆయన ముందు విమానాలను ఇటుకల్లా పేర్చి చూపిస్తే ఏం బాగుంటుందని సారు దిగులు.

‘‘నేల మీద తొవ్వలు గావాలె, నిలవెట్ట జాగలు గావాలె’’ అన్నారు సారు.

‘‘గది నాకు బోర్ మామా’’ అన్నాడు మేనల్లుడు. ‘‘ఊకె చుక్కలు వెట్టుడు, నంబర్లేసుడు. ఎవరన్న ఆడోళ్లకు జెప్పు.’’ అని గదంతా కలియజూసి, ఉన్న ఒక్క ‘ఆడోళ్ల’ మీద కళ్లు నిలిపాడు. ‘‘ముగ్గేసుడు వస్తదా నీకు? వస్తే ఇది గుడ గంతే!’’

గంతేనట! ఆ రోజు డైరీలో ఆ మాట కింద ఎంత గట్టిగా గీత కొట్టానంటే వెనక పేజీ కూడా చిరిగింది. బయట మాత్రం ‘‘సరే అన్నా’’ అన్నాను.

పని ఇదీ. రన్‌వే మీద దిగిన విమానం ఆగే చోటుదాకా నేల మీద నడిచే దారిని ట్యాక్సీవే అంటారు. గ్రాఫ్ కాగితం మీద ఆ దారి పొడుగునా చుక్కలు పెట్టాలి. ప్రతి చుక్కకూ ఒక నంబరు. ఏ చుక్క నుంచి ఏ చుక్కకు వెళ్లవచ్చో ఆ జతలు వేరుగా రాయాలి. విమానానికి కళ్లుండవు. జతలో ఉన్న చుక్క ఎక్కడుంటే అక్కడికి ముక్కుసూటిగా పోతుంది, మధ్యలో ఏమున్నా సరే. చివరి చుక్కలు నిలబెట్టే స్థలాలు. నాకు ఆ పని పట్టుబడేసరికి అన్నం కూడా సహించేది కాదు. బడిలో లెక్కలంటే భయపడ్డ మనిషిని, అన్నం కంచంలో మెతుకులు జరిపి దారులు వేస్తుంటే అమ్మ కంచం లాక్కుంది.

మొదటిసారి వేసిన దారులు మాత్రం, ఒప్పుకోవాలి, నవ్వులపాలయ్యాయి. ముగ్గులో గీత ఎక్కడా మూయకుండా వదలకూడదని అమ్మ చిన్నప్పటినుంచీ నేర్పింది. నా చేతికి అదే అలవాటు. బయలుదేరిన ప్రతి గీతనూ తెచ్చి ఎక్కడో ఒకచోట కలిపేశాను. దాంతో విమానాలు ఎక్కడా ఆగకుండా ఆఫీసు భవనం చుట్టూ ఒకదాని వెనక ఒకటి తిరగసాగాయి.

‘‘ప్రదక్షిణలు జేస్తానయ్ మామా! కొబ్బరికాయలు దెప్పియ్యి!’’ అని మేనల్లుడు గారు కుర్చీలో గిరగిరా తిరిగారు.

పాపం, సారు మాత్రం నవ్వలేదు. అసలు విమానాశ్రయం చూడకుండా గీయడమేమిటని నన్ను మామునూరు వెళ్లి చూసి రమ్మన్నారు. మా ఊరికి విమానాశ్రయం ఉంది. మేం వెళ్లిననాడు విమానాలు మాత్రం లేవు. బాపు నాకు తోడొచ్చాడు. రన్‌వే పగుళ్లలోంచి గడ్డి మొలిచింది, మేకలు మేస్తున్నాయి, ఒక మూల ఎవరో మిరపకాయలు ఎండబోశారు. బాపు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూసి, ‘‘నువ్వు తొవ్వలేసినంక గిక్కడికే వస్తయా ఇమానాలు?’’ అని అడిగాడు. కంప్యూటర్‌లోకి వస్తాయని చెప్పాను. ‘‘గా డబ్బలకు వస్తే మనకేం ఫాయిదా?’’ అన్నాడు. నేను మాత్రం ఆ పాత సిమెంటు నేల మీద దారి ఎలా మలుపు తిరిగిందో, ఆగే చోట ఎలా తెగిందో కళ్లారా చూశాను. ఇంటికి వచ్చి, అమ్మ చూడకుండా, కొసలు మూయని గీతలు గీశాను.

ఈసారి కుదిరింది! విమానం దిగింది, దారి పట్టింది, మలుపు తిరిగింది, తన చోట్లో వెళ్లి నిలబడింది. రెండోది వచ్చి దాని పక్కన. ఎదురెదురు రాకుండా వెళ్లే దారి వేరు, వచ్చే దారి వేరు. నిలబెట్టే చోట్లన్నీ పటంలో పైన కుడిచేతి మూలకు, ఆఫీసు భవనానికి దగ్గరగా పెట్టాను. మేనల్లుడు గారు కూడా నోరు తెరిచి చూసి, వెంటనే మూసుకుని, ‘‘ఫర్వాలేదు’’ అన్నారు. ఆ రోజు డైరీలో ఎవరినీ తిట్టలేదు. మేడంగా మొదటిరోజు ఏ చీర కట్టుకోవాలో రాసుకున్నాను.

ప్రారంభం రోజు పొద్దున్నే ఆ చీర మీద మనసు చంపుకుని, లంగాఓణీలోనే వెళ్లాను. మెట్ల దగ్గర రంగులతో రాసిన బోర్డు పెట్టారు. విమానం బొమ్మ, దాని కింద ‘రూపకల్పన’ అని మేనల్లుడి పేరు, కింద ప్రోత్సాహం అని సారు పేరు, ఆ కింద కృతజ్ఞతలు అని బట్టల దుకాణం పేరు (రిబ్బను ఇచ్చినందుకు). నా పేరు ఎక్కడైనా చిన్న అక్షరాల్లో ఉందేమోనని వంగి చూస్తుంటే సారు వచ్చారు.

‘‘వచ్చినవా బిడ్డా! మంచిగయ్యింది. కింద జాగంత నిండేటట్టు మంచి ముగ్గెయ్యి. తర్వాత పన్నీరు బుడ్డి నువ్వే వట్టుకోవాలె.’’

విమానాశ్రయం గీసిన చేతికి పన్నీరు బుడ్డి! నేను నోరు తెరిచేలోపే ఆయన సంబరంగా మరో బాంబు వేశారు.

‘‘ఆఁ, నీకు జెప్పలే గద. నిన్న సాయంత్రం మా పంతులు వచ్చిండు. జూసి తల వట్టుకున్నడు. ఈశాన్యంల గంత బరువు వెట్టిన్రేంది, కొంప మునుగుతది అన్నడు. ఇమానం అంటె ఎంత బరువు ఉంటది మరి? అల్లుడు నిలవెట్టే జాగలన్నిటిని నైరుతి మూలకు జరిపిండు. ఇగ ఫికర్ లేదు.’’

పటంలో పైన కుడిమూల అంటే ఈశాన్యమే. దేవుడి దిక్కు అది, ఖాళీగా తేలికగా ఉండాలి. నైరుతిలో బరువులు పెట్టుకోవచ్చు. ఇళ్లు కట్టుకునేవాళ్లకు ఉండే ఆ పట్టింపు అగ్గిపుల్లంత విమానాలకు కూడా వర్తిస్తుందని నాకెలా తెలుస్తుంది? పైగా ఏ నేల మీదా లేని విమానాశ్రయానికి! కోపం పక్కన పెట్టి అసలు భయం చెప్పుకుందామని మెట్ల మీద మేనల్లుణ్ణి పట్టుకున్నాను.

‘‘అన్నా, చుక్కలు జరిపితే జతలు గూడ మార్చాలె గద? లేకపోతే ఇమానం పాత తొవ్వల పోయి, అటెంక...’’

‘‘నాకు నేర్పకు’’ అన్నాడు. ‘‘జల్ది ముగ్గు సంగతి జూడు, పెద్దసారు వచ్చే యాళ్లయింది.’’

ఆ మాటతో నాకు ఒళ్లు మండిపోయింది. ముగ్గు సంగతే కదా చూడమన్నావు, చూస్తాను అనుకున్నాను. కింది బట్టల దుకాణం ముందు ఖాళీజాగా చాలా పెద్దది. బట్టలు కొనడానికి వచ్చినవాళ్లూ, ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చినవాళ్లూ స్కూటర్లు, సైకిళ్లు, రిక్షాలు అక్కడ అడ్డదిడ్డంగా వదిలి పోయేవారు. దాని గురించి ఆ దుకాణం నడిపే పెద్దమ్మకు లోకంతో నిత్యం యుద్ధమే. ఆ జాగాకు పేడనీళ్ల సాన్పి చల్లించి, ముగ్గుపిండి గిన్నె పట్టుకుని, పువ్వులు వేయలేదు, చిలకలు వేయలేదు. నా విమానాశ్రయం వేశాను. జంటగీతలతో దారి, మలుపు, వెళ్లడానికొకటి రావడానికొకటి, చివరన వరుసగా నిలబెట్టే గళ్లు. ఎవరి వాస్తూ చూసుకోకుండా, నేను మామునూరు చూసొచ్చి గీసినట్టే. నడుం పట్టేసింది, కోపంలో నొప్పి తెలియలేదు. అరుగు మీద కూర్చుని చూస్తున్న పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది.

‘‘ఏందే బిడ్డా గా ముగ్గు? నోర్లు తెరుసుకోని ఉన్నయ్ గీతలు! మూయవా?’’

‘‘మూస్తే లోపలికి ఎట్ల వస్తయ్ పెద్దమ్మా?’’

‘‘ఎవలు, లచ్మిదేవా?’’

నేను తర్వాతి గడి గీయసాగాను. పెద్దమ్మ తన జవాబుతో తానే తృప్తిపడి, లక్ష్మీదేవి వచ్చే దారి కదా అని గీతల పొడుగునా పసుపూకుంకుమా చల్లి, మళ్లీ అరుగెక్కి కాపలా కూర్చుంది.

పెద్దసారు వచ్చారు. నెరిసిన మీసాలు, తెల్లటి చొక్కా, మాట నెమ్మది. మేడ ఎక్కి రిబ్బను కత్తిరించారు. కొబ్బరికాయ కొట్టారు. నేను గోడ వారగా నిలబడి పన్నీరు చల్లుతున్నాను (మేనల్లుడి కళ్లలో కొంచెం ఎక్కువ పడింది, అది నా తప్పు కాదు). తెర వెలిగింది. మొదటి విమానం దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా దారి పట్టింది, నా మలుపు తిరిగింది. ఈశాన్యం దాకా వెళ్లింది. ఇక ఆగాలి. అక్కడ ఆగే చుక్క లేదు. విమానం ఇంట్లో తాళంచెవి మరిచిపోయిన మనిషిలా గిరుక్కున వెనక్కి తిరిగి, నైరుతి మూలకు అడ్డంగా పడి ముక్కుసూటిగా బయలుదేరింది. ఆఫీసు భవనం ఒక గోడలోంచి దూరింది, ఇంకో గోడలోంచి బయటికొచ్చింది.

పెద్దసారు మీసం కదిలింది. ‘‘లోపల చాయ్ తాగి వస్తాందా ఏంది?’’

ఎవరూ నవ్వలేదు. విమానం రన్‌వే మీదికి వచ్చేసింది. సరిగ్గా అప్పుడే రెండోది దిగుతోంది. కంప్యూటర్ కీచుమంది. తెర మీద రెండు అగ్గిపుల్లలూ ఒక్క చుక్కయి ఆరిపోయాయి.

‘‘ఈ తొవ్వలు ఎవరు గీసిన్రయ్యా?’’ అన్నారు పెద్దసారు.

మెట్ల దగ్గరి బోర్డు మీద అంతంత అక్షరాలతో పేరున్న మనిషి ఏమన్నాడో వినండి. ‘‘నేను ఉత్త ప్రోగ్రామ్ రాసిన సార్. తొవ్వలన్నీ ఆ అమ్మాయే గీసింది.’’

సారు కూడా తల ఊపారు! ‘‘కొత్త పిల్ల సార్. నేర్సుకుంటాంది.’’

అందరి తలలూ నావైపు తిరిగాయి. అన్నాళ్లూ ఎవరికీ గుర్తురాని నా పని ఒక్కసారిగా ఊరందరికీ గుర్తొచ్చింది. దసరా కళ్ల ముందు కనిపించింది, బాపు బెల్లం దుకాణం కనిపించింది, తలగడ కనిపించింది. చెప్పాల్సిన మాటలన్నీ వరుసగా ఉన్నాయి, డైరీలో రాసుకోవడానికి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకొక్క క్షణమైతే పన్నీరు బుడ్డి అక్కడ పెట్టి మెట్లు దిగి ఇంటికి పోయేదాన్నే. అప్పుడు కిందనుంచి పెద్దమ్మ కేక వినపడింది.

‘‘ఓ పిలగా! గీత మీదికి రాకు, కాళ్లిరగ్గొడ్త! గా సందుల నుంచి పో, సందుల నుంచి! ఆఁ, గట్లనే! గా కొసకు వెట్టు బండి! ఓ రిక్షా తాతా, నువ్వు గీ పక్క తొవ్వల నుంచి ఎల్లిపో!’’

నా కాళ్లు వాటంతట అవే కిటికీ దగ్గరికి నడిచాయి. తెర లాగాను. ‘‘నేను గీసింది గది గాదు సార్’’ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ‘‘నేను గీసింది గిది.’’

పెద్దసారు వచ్చి కిందికి చూశారు. ప్రారంభానికి వచ్చినవాళ్ల బండ్లన్నీ అక్కడే ఉన్నాయి. పసుపుకుంకుమలు చల్లిన ముగ్గును తొక్కే ధైర్యం హనుమకొండలో ఎవరికీ లేదు. అందుకని స్కూటర్లన్నీ తెరిచి ఉన్న కొసలోంచి లోపలికి వచ్చి, జంటగీతల మధ్యగా మలుపు తిరిగి, ఒక్కో గడిలో ఒక్కోటి బుద్ధిగా నిలబడ్డాయి. వెళ్లే రిక్షా వచ్చే స్కూటరుకు ఎదురు రాకుండా రెండో దారిన బయటికి పోతోంది. అరుగు మీద పెద్దమ్మ రెండు చేతులూ ఊపుతోంది. పైనుంచి చూస్తే అచ్చం నా గ్రాఫ్ కాగితమే.

పెద్దసారు గళ్లను వేలితో లెక్కపెట్టారు. ‘‘ఒక్క బండి దీయడానికి ఇంకో బండి జరిపే పనే లేదు’’ అన్నారు మెల్లగా, తనలో తాను. తర్వాత సారు వైపు తిరిగి, ‘‘మరి లోపలిదాన్ని ఎవరు ఖరాబ్ జేసిన్రు?’’

‘‘ఖరాబ్ జెయ్యలే సార్...’’ సారు చెమట తుడుచుకున్నారు, ఏసీలో! ‘‘జర వాస్తు...’’

పెద్దసారు నవ్వడం మొదలుపెడితే ఆగలేదు. ఆ నవ్వులోనే నన్ను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టారు. చుక్కలను మళ్లీ వాటి పాత చోట్లకు చేర్చాను. విమానాలు ఒకటొకటిగా వచ్చి ఈశాన్యంలో నిలబడ్డాయి. మూలన కూర్చున్న పంతులుగారు తెరకేసి పరీక్షగా చూసి, ‘‘సన్నయి గద, అంత బరువేం ఉండయి. పర్వాలేదు’’ అని శాంతి చెప్పారు.

ఆడపిల్లల క్లాసుకు మేడం నేనే అయ్యాను. బోర్డు మీద మాత్రం నా పేరు ఎక్కలేదు. రంగు డబ్బా ఎండిపోయిందట! కొలువు సంగతి చెప్పడానికి బెల్లం దుకాణానికి వెళ్లి సారు మా బాపుతో అన్న మాట ఇంకా ఘోరం. ‘‘మీ బిడ్డకు కొలువిస్తానం. ముగ్గు మస్తుగ ఏస్తది!’’ బాపు ఆ మాట బజారంతా చెప్పుకున్నాడు. మా బంధువుల్లో చాలామందికి, కంప్యూటర్ దగ్గర ఉద్యోగమంటే పొద్దున్నే వెళ్లి దాని ముందు ముగ్గు వేయడమనే అభిప్రాయం చాలాకాలం ఉండిపోయింది. పైగా ఆ తర్వాత ప్రతి పండక్కీ పెద్దమ్మ గిన్నె పట్టుకుని మెట్లెక్కి వచ్చేది. ‘‘మేడమూ, జర ఆ నోర్లు తెరిసిన ముగ్గెయ్యి. గిరాకి బండ్లన్నీ ఆగమాగం ఉన్నయ్.’’ వేసేదాన్ని. తిట్టుకుంటూనే వేసేదాన్ని.

ఇప్పుడు అప్పుడప్పుడూ విమానం ఎక్కుతుంటాను. దిగగానే అందరూ లేచి సంచుల కోసం తోసుకుంటారు. నేను కిటికీకి ముఖం ఆనించి కూర్చుంటాను. నేల మీద పసుపుగీత సాగుతుంది, మలుపు తిరుగుతుంది, కొస మూయకుండా ఒకచోట తెగుతుంది, విమానం అక్కడ బుద్ధిగా ఆగుతుంది. మొన్న అలా ఆగినప్పుడు ఎండను బట్టి దిక్కు చూసుకున్నాను. ఈశాన్యమే! ‘‘కొంప మునిగింది’’ అన్నాను, కాస్త పైకే అన్నట్టున్నాను. పక్క సీటాయన కంగారుగా తిరిగి, ‘‘ఏమైందండీ?’’ అని అడిగాడు.

కథంతా చెప్పాలనిపించింది. మేనల్లుణ్ణి, బోర్డును, రంగు డబ్బాను, అన్నిటినీ ఏకిపారేయాలనిపించింది. ‘‘ఏం లేదండీ’’ అన్నాను. ఇంటికి వచ్చాక డైరీ తీశాను.